కూర పేరు చెప్పరాదు

జిల్లా జైల్లో ఖైదీకి వారానికొక ఫోను, ఆ ఫోనుకి ఐదు నిమిషాలు అని రూలు. ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడుకుంటారు పాపం అని బయటివాళ్ళు జాలిపడతారు గానీ, పేరంటాలమ్మకి అందులో నాలుగు నిమిషాలకి పైగా ఎప్పుడూ మిగిలిపోయేవి. ఆదివారం మధ్యాహ్నం కోడలు నూకరత్నం సెల్లు తెచ్చి చెవికి ఆనిస్తే, లోపలున్న కొడుకు గవర్రాజుని ఆవిడ అడిగేది ఒకటే.

"తిన్నావా నాయినా? ఏం కూర?"

"తిన్నానమ్మా. సొరకాయ."

"సరే, ఉంటా."

అంతే. సెల్లు కోడలి చేతిలో పెట్టేసి, పీట వాల్చుకుని తను అన్నానికి కూర్చునేది. మిగిలిన నిమిషాలు నూకరత్నానివి. కోర్టు ఖర్చులు, గేదె ఈత, కరెంటు బిల్లు, అన్నీ ఆ మిగులులోనే సర్దుకునేది.

గవర్రాజు జైలుకి వెళ్ళింది ఘనకార్యం చేసేమీ కాదు. గట్టు తగాదాలో పక్క చేను ఆసామి నెత్తిన పారకర్రతో ఒకటిచ్చాడు. ఆ నెత్తి మానిపోయింది. ఆ గట్టు కూడా గోదావరి వరదకి కొట్టుకుపోయింది. శిక్ష ఒక్కటే ఇంకా నడుస్తోంది. బుద్ధిగా ఉన్నాడని నెల రోజులు తగ్గించారు కాబట్టి శ్రావణంలో వచ్చేస్తాడని నూకరత్నం ఆశ.

జైలు గేటు పక్క గోడ మీద, ఖైదీలకి ఏ రోజు ఏ కూరో తెల్లరంగుతో రాసి ఉండేది. నూకరత్నం ఒకసారి చదివి చెబితే అత్తకి నోటికొచ్చేసింది. సోమవారం దొండకాయ, మంగళవారం వంకాయ, అలాగ. ఆవిడ ఇక్కడ కంచం ముందు కూర్చుని, "ఇవాళ మావాడికి వంకాయ" అనుకుని ముద్ద నోట్లో పెట్టుకునేది. ఆదివారం ఫోనులో సరిచూసుకునేది. కొడుకు జైల్లో ఉన్నా తల్లీ కొడుకూ ఒక పంక్తిలోనే భోంచేస్తున్నట్టు లెక్క.

ఆ పంక్తి చెడగొట్టడానికన్నట్టు కొత్త సూపరింటెండెంటు సర్వోత్తమరావు గారు వచ్చారు.

సర్వోత్తమరావు గారు చెడ్డవారు కాదు. లంచం ముట్టరు. ముట్టేవారైతే ఏదో ఒక దారి ఉండేది. ఆయన రాజధానిలో 'ఖైదీల సంభాషణల్లో సంకేత భాష' అనే విషయం మీద మూడు రోజులు శిక్షణ పొంది, ఒక సర్టిఫికెట్టూ ఒక చేతిసంచీ పుచ్చుకుని వచ్చారు. వస్తూనే రికార్డయిన ఫోన్లన్నీ తెప్పించి విన్నారు. వింటూ వింటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. ఎదురుగా ఉన్న పైడిరాజు, అంటే ఫోను గది కాపలా జవాను, తన మీదే ఏదో ఫిర్యాదు వచ్చిందనుకుని సెల్యూట్ కొట్టేశాడట.

ఆ ఆదివారం పేరంటాలమ్మ "తిన్నావా నాయినా, ఏం కూ..." అనేసరికి ఫోనులో పెద్ద ఈల వినబడింది. తరవాత ఏమీ వినబడలేదు.

"ఏంటే అది? రైలెక్కేడా వీడు?" అంది పేరంటాలమ్మ.

నూకరత్నం మర్నాడే జైలుకి వెళ్ళింది. గేటు దగ్గర కాగితం అంటించి ఉంది. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఖైదీలతో జరుపు ఫోను సంభాషణలయందు, ములాఖత్తులయందు, ఉత్తరములయందు ఏ విధమైన కూర పేరును ప్రస్తావించరాదు. అతిక్రమించినచో ఈల వేసి సంభాషణ నిలిపివేయబడును.' ఆమె రెండుసార్లు చదివింది. చదువు సరిగ్గా రాక తప్పుగా చదువుతున్నానేమో అనుకుంది. పక్కనున్నాయన కూడా అలాగే చదివేసరికి సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది.

"కూర్చోమ్మా," అన్నారాయన మర్యాదగానే. "ఇది సున్నితమైన అంశం. అయినప్పటికీ ప్రజా సంబంధాల దృష్ట్యా విశదీకరిస్తాను. ఈ కారాగారంలోని ప్రతి ఫోనులోనూ ఒకే వాక్యం ఉంది. హత్య కేసువాడి భార్యా అదే అడుగుతుంది, చెల్లని చెక్కు కేసువాడి భార్యా అదే అడుగుతుంది. ఊళ్ళు వేరు, కులాలు వేరు, నేరాలు వేరు. వాక్యం ఒకటే. ముందస్తు అవగాహన లేకుండా ఇది సాధ్యమా?"

"అందరూ అడుగుతారండి," అంది నూకరత్నం.

"అదే నేను చెప్పేది. ఇందులో అందరూ ఉన్నారు." ఆయన గొంతు తగ్గించారు. "పైగా, జవాబు గోడ మీద రాసి ఉంది. జవాబు తెలిసి కూడా ప్రశ్న వేశారంటే, వారు అడుగుతున్నది ఆ ప్రశ్న కాదన్నమాట."

నూకరత్నం కాస్త ఆలోచించింది. ఇంతసేపు మాట్లాడినదాంట్లో ఆ ఒక్క మాట మాత్రం ఆమెకి న్యాయంగానే తోచింది. "అదవునండి. అడిగేది అది కాదండి."

సర్వోత్తమరావు గారు బల్ల మీదకి వంగారు. "మరేమిటి?"

"ఎలాగున్నావనండి."

"అయితే ఎలాగున్నావనే అడగవచ్చు కదా?"

"అలా అడిగితే బాగున్నాననేస్తాడండి. జొరంతో మూలుగుతున్నా అలాగే అంటాడు. కూర దగ్గరైతే అబద్ధం ఆడడండి. 'ఏదో తిన్నాలే' అన్నాడంటే ఒంట్లో బాలేదని మా అత్తకి తెలిసిపోద్దండి. 'సొరకాయ, రెండోసారి కూడా పెట్టించుకున్నా' అన్నాడంటే బాగున్నట్టండి."

సర్వోత్తమరావు గారు ఆ ముక్క కాగితం మీద రాసుకుని, కింద గీత గీసి, 'సంకేతము గలదని బంధువుల పాక్షిక అంగీకారము' అని చేర్చారు.

ఇంతలో ఆయన సెల్లు మోగింది. "ఆఁ, ఆఫీసులోనే ఉన్నాను," అన్నారు. అవతల ఏదో అడిగినట్టుంది. ఆయన మొహం బిగుసుకుంది. "ఆ ప్రశ్న అడగవద్దని నీకెన్నిసార్లు చెప్పాను? ఉత్తర్వు ఇచ్చినవాడి ఇంట్లోనే అమలు కాకపోతే ఊళ్ళో ఎవరు పాటిస్తారు?" అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నూకరత్నానికి కూడా వినబడింది.

"మా ఇంట్లో కూడా అమలు చేస్తున్నాం," అన్నారాయన.

"మరి మీకు అన్నం ఎవరు పెడతన్నారండి?"

"బల్ల మీద మూతపెట్టి లోపలికి వెళ్ళిపోతుంది," అనేసి, ఆ ప్రశ్న విషయానికి సంబంధించినది కాదని ఆయన ఆలస్యంగా గ్రహించారు. "మీరు వెళ్ళవచ్చు."

ఖైదీల తాలూకు ఆడవాళ్ళు ఓ పాతికమంది గేటు ముందు బైఠాయిస్తే, వారం తిరిగేసరికి ఉత్తర్వుకి సవరణ వచ్చింది. 'మానవతా దృక్పథంతో' ప్రశ్న అడగనిస్తారు. జవాబుగా ఆమోదిత కూర పేరొక్కటే చెప్పాలి. ఆమోదిత కూర పప్పు.

"తిన్నావా నాయినా? ఏం కూర?"

"పప్పమ్మా."

పై వారమూ పప్పే. ఆ పై వారమూ పప్పే. "వారం వారం పప్పేనా? వాడి నోరు చచ్చిపోదూ," అని పేరంటాలమ్మ సణుక్కుంది గానీ, గొంతు కొడుకుదే కాబట్టి ఎలాగో నాలుగు మెతుకులు తింది.

నెల చివర సర్వోత్తమరావు గారు మళ్ళీ రికార్డులు విన్నారు. జైలంతా, ఎవరికీ నోరు తడబడకుండా, పప్పు అంటోంది. తను ఇచ్చిన ఉత్తర్వు ఆయనకి గుర్తులేకపోలేదు. ఖైదీలన్నవాళ్ళు ఒక ఉత్తర్వుని ఇంత క్రమశిక్షణతో పాటించారన్నదే ఆయన అనుమానం. పప్పు రద్దయింది. దాంతోపాటు ప్రశ్న కూడా రద్దయింది. గోడ మీది కూరల పట్టిక మీద తారు పూశారు. ఇకమీదట ఫోనెత్తినవారు 'కుశలమా?' అనాలి. ఖైదీ 'కుశలమే' అనాలి. కూర అన్న మాట వస్తే పైడిరాజు ఈల ఊదాలి. ఈ విషయంలో హోదాలను బట్టి గానీ, వయసును బట్టి గానీ మినహాయింపు లేదు.

ఆదివారం పేరంటాలమ్మ సెల్లు చెవికి ఆనించుకుంది. "కుశలమేనమ్మా," అన్నాడు కొడుకు.

"ఎవరో ఆఫీసరు మాట్లాడతన్నాడే," అని ఆవిడ సెల్లు తిరిగి ఇచ్చేసింది. పీట వాల్చుకోలేదు.

ఆ రోజు మొదలు ఆవిడ తిండి తగ్గిపోయింది. కంచం ముందు కూర్చునేది. "ఇవాళ వాడికేంటో," అనేది. కాసేపు చూసి, కంచం పక్కకి జరిపేసేది. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి నాడి చూసి, "జబ్బేమీ లేదు, తినమనండి," అని చెప్పి వెళ్ళాడు. ఆ మాత్రం నూకరత్నానికీ తెలుసు.

అబద్ధమాడి చూసింది. "పైడిరాజు గారు చెప్పారత్తా, నిన్న మీ అబ్బాయి బెండకాయ వేపుడు తిన్నాడంట."

"వాడు బెండకాయ ముట్టడు. పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదు. నువ్వు ఎవరి సంగతి చెప్తన్నావ్?" అని పేరంటాలమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

కార్డు రాయించింది. 'మీ అమ్మగారు అన్నం తినుట లేదు. తమరు ఏమి తింటున్నారో ఒక్క ముక్క రాయగలరు' అన్న కార్డు, 'నిషిద్ధ సమాచార సేకరణ ప్రయత్నము' అన్న ముద్రతో తిరిగొచ్చింది. ఎవరో చెబితే సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది. దానికి పెద్ద కవరులో జవాబొచ్చింది. కోరిన సమాచారము వెల్లడించినచో వ్యక్తుల ప్రాణములకు అపాయము వాటిల్లు అవకాశము ఉన్నందున నిరాకరించడమైనది అని. ఏ వ్యక్తులో, ఎవరి ప్రాణమో అందులో రాయలేదు. అత్త మంచం కోళ్ళకీ అత్త చేతులకీ తేడా తెలియడం లేదని నూకరత్నానికి ఆ కవరు పట్టుకుని ఏడుపొచ్చింది.

జైల్లో మాత్రం పని ఆగలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు ఆ మూడు కాళ్ళూ విరిగేదాకా ఊరుకోడు కదా. కూర పేరు ఎవరూ చెప్పకూడదంటే, తెలిసినవాడు ఎప్పటికైనా చెబుతాడు కాబట్టి, అసలు ఎవరికీ తెలియకూడదు అన్న నిర్ణయానికి సర్వోత్తమరావు గారు వచ్చారు. బజారు నుంచి వచ్చే కూరగాయల గోనెలకి 'వస్తువు ఒకటి', 'వస్తువు రెండు' అని పేర్లు పెట్టారు. వంటవాళ్ళ చేత ప్రమాణం చేయించారు. ఆఖరికి, అన్ని కాయలూ అన్ని ఆకులూ ఒకే గంగాళంలో వేసి, ఉడికించి, గుర్తు తెలియనంతగా ఎనిపి పెట్టమన్నారు.

"రూల్సు ప్రకారం రోజూ పెద్దాయనే రుచి చూడాలమ్మా," అని గేటు దగ్గర పైడిరాజు నూకరత్నానికి గుసగుసగా చెప్పాడు. "ఒక ముద్ద నోట్లో ఏసుకుని, 'గుర్తించలేకపోయాను, తృప్తికరం' అని సంతకం పెడతన్నారు."

మరో పది రోజులు ఇలాగే పోతే అత్త దక్కదని నూకరత్నానికి తెలిసిపోయింది. ములాఖత్తు రోజున ఆవిడని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. ఎందుకైనా మంచిదని క్యారేజీలో మజ్జిగన్నం కూడా పెట్టుకుంది.

ములాఖత్తు గదిలో ఇటూ అటూ రెండు వరసల ఇనపజాలీ. అటు ఖైదీలు, ఇటు వాళ్ళ తాలూకు మనుషులు. గదంతా 'కుశలమా', 'కుశలమే' అన్న మాటలతో పంతులు గారి బడిలా ఉంది. పేరంటాలమ్మ పేరు ముందే రాసుకుని ఉండడం వల్ల సర్వోత్తమరావు గారు స్వయంగా వచ్చి నిలబడ్డారు. పక్కన ఈల నోటి దగ్గర పెట్టుకుని పైడిరాజు.

గవర్రాజు జాలీ పట్టుకుని చూశాడు. నూకరత్నం జబ్బ మీద వేలాడుతున్నది ఎవరో మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక జాలీ సందుల్లోంచి వేళ్ళు బయటికి చాచాడు.

"కుశలమా అని అడగండమ్మా," అన్నారు సర్వోత్తమరావు గారు పెద్దావిడతో.

పేరంటాలమ్మ ఆయన వైపు చూడనే లేదు. "తిన్నావా నాయినా?" అంది. గొంతు సన్నగా, దారంలా వచ్చింది. "ఏం కూర?"

ఈల మోగింది. మోగడంతో గదిలో మిగతా మాటలన్నీ ఆగిపోయాయి. ఇక ఆవిడ మాటే మిగిలింది.

"ఏం కూర నాయినా?"

"ఖైదీకి హెచ్చరిక," అన్నారు సర్వోత్తమరావు గారు. "జవాబిచ్చిన పక్షంలో మూడు నెలలు ఫోను, ములాఖత్తు, ఉత్తరాలు రద్దు. ఇప్పటికే మంజూరైన నెల రోజుల తగ్గింపు కూడా రద్దు చేయబడుతుంది. బాగా ఆలోచించుకుని మాట్లాడవలసింది."

నెల రోజులు అనగానే నూకరత్నానికి శ్రావణం గుర్తొచ్చింది. వద్దని భర్తకి తల అడ్డంగా ఊపబోయింది. కానీ అత్త తూకమంతా తన జబ్బ మీదే ఉంది, అది ఎంత తక్కువో ఆ క్షణాన ఆమెకి తెలుస్తూనే ఉంది. తల ఊపలేకపోయింది.

గవర్రాజు జాలీకి మొహం ఆనించాడు.

"ఏం కూరో కనబడకుండా ఎనిపేసేరమ్మా," అన్నాడు. "కాని నాలిక్కి పులుపు తగిలింది. గోంగూర. గోంగూరని ఎంత ఎనిపితే మాత్రం దాగుద్దా? ఉల్లిపాయ నంజుకుని తిన్నా. రెండోసారి కూడా పెట్టించుకున్నా."

పైడిరాజు ఈల ఊదుతూనే ఉన్నాడు గానీ ఊపిరి చాలక మధ్యలో ఆగిపోయాడు. వరసలో ఎవరో "గోంగూరా!" అన్నారు. ఇంకెవరో నవ్వారు. పేరంటాలమ్మ మొహంలోకి నెత్తురొచ్చింది.

"సరే, ఉంటా," అంది.

ఉత్తర్వు పావుగంటలో టైపయింది. నిషిద్ధ పదార్థము పేరు ఉచ్చరించుట ఒక నేరం, గుర్తించరాని పదార్థమును గుర్తించుట మరొక నేరం. గవర్రాజు ఇక శ్రావణంలో రాడు. నూకరత్నం ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చింది. ఏడవాలో ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు, ఎందుకంటే గేటు పక్క సిమెంటు అరుగు మీద, తారు పూసిన పట్టిక కింద కూర్చుని అత్త అప్పటికే క్యారేజీ మూత తీస్తోంది.

"ఇంత ఆకలేస్తందేంటే," అని పేరంటాలమ్మ మజ్జిగన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ముద్ద తరవాత ముద్ద తింటోంది. నూకరత్నం ఉత్తర్వు మడిచి రవికలో దోపుకుని, అత్త పక్కన కూర్చుని, చూస్తూ కూర్చుంది.

ఆ ఇద్దరూ ఆవరణ దాటిపోకముందే సర్వోత్తమరావు గారు బయటికొచ్చారు. వెనకాలే పైడిరాజు. అధికారి గారి చేతిలో ఉత్తర్వు నకలు ఉంది. అది పెద్దావిడకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఆయన గొంతు సవరించుకున్నారు.

పేరంటాలమ్మ తలెత్తింది. ఎండలో నిలబడ్డ మనిషిని, ఆ నలిగిన చొక్కాని, చిక్కిపోయిన మొహాన్ని ఎగాదిగా చూసింది. చేతిలో ముద్ద ఆపింది.

"నువ్వు తిన్నావా నాయినా?" అంది. "ఏం కూర?"

సర్వోత్తమరావు గారు 'ఇందుమూలముగా' అనడానికే నోరు తెరిచారు. ఆ మాట నూకరత్నం ఆయన పెదాల మీద చూసింది కూడా. కానీ ఆయన్ని ఏం కూరని ఎవరూ అడగక రెండు నెలలు దాటింది.

"కోడిగుడ్డు పులుసమ్మా," అన్నారు.

పైడిరాజు ఆయన్ని చూశాడు. తరవాత ఆకాశాన్ని చూశాడు. హోదాను బట్టి మినహాయింపు లేదని స్వయంగా ఆయనే డిక్టేషను ఇచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. ఈల ఊదాడు.

"ఏంటయ్యా మధ్యలో ఆ ఈల?" అని పేరంటాలమ్మ విసుక్కుంది. "ఈ ఎండల్లో గుడ్డేంటి నాయినా, వేడి చేయదూ? నూకా, ఆ గ్లాసులో కాస్త మజ్జిగ పొయ్యి." అధికారి గారు గ్లాసు అందుకున్నారు. "ఉప్పు సరిపోయిందా పులుసులో?" అని అడిగింది ఆవిడ.

ఆయన గ్లాసులోకి చూశారు.

"ఎక్కువైందమ్మా," అన్నారు. "చెప్పడానికి ఎవరూ లేక ఊరుకున్నా."

పైడిరాజు ఈల మళ్ళీ నోటి దాకా ఎత్తి, ఊదాలో వద్దో తేల్చుకోలేక, జేబులోంచి కూరల ఉత్తర్వు తీసి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. ఉప్పు గురించి అందులో ఏమీ లేదు.